రెండో తాళంచెవి

ఆదివారం మధ్యాహ్నం. చేతిలో ఖాళీ చెత్తడబ్బా, ఒంటిమీద పల్చటి చుడీదారు, కాళ్లకు హవాయి చెప్పులు. కిందికెళ్లి చెత్త పారేసి, మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చేసరికి మా ఇంటి తలుపు మూసుకుపోయి ఉంది. తాళంచెవి లోపల. ఫోను లోపల. ఆ ఇంట్లో నాతోపాటు ఉండే ఇద్దరు జర్మన్ అమ్మాయిలు శని, ఆదివారాలకని వాళ్ల ఊళ్లకు వెళ్లారు. మెట్ల దగ్గరి కిటికీలోంచి చూస్తే రోడ్డంతా మంచు.

2023 డిసెంబరు మొదట్లో, జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో నా పరిస్థితి అది.

అక్కడ చాలా ఇళ్ల తలుపులకు బయటివైపు తిప్పే పిడి ఉండదు. గాలికి మూసుకున్నా సరే, తాళంచెవి లేనిదే తెరుచుకోదు. ఆ సంగతి నేను దిగినరోజే చెప్పారు. 'ఓస్, ఇంతేనా!' అనుకుంటూ తలూపాను.

ఆ వేళ భవనంలో మనిషి అలికిడి ఉన్నది ఒక్కచోటే. సరిగ్గా మా కింద ఇల్లు. అందులో డెబ్భై దాటిన పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ తలుపు తట్టడం కంటే రాత్రంతా మెట్లమీద కూర్చోవడమే నయమనిపించింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మాది హనుమకొండ. ఇంజినీరింగ్ చదువుతుండగా, ఒక సెమిస్టర్ డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం వచ్చింది. రెండు కాలేజీల ఒప్పందం మీద వెళ్తున్నాం కాబట్టి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. 'ఫీజు లేదంటే ఖర్చు లేనట్టే' అనుకున్నాం అందరం. వీసా దగ్గరికొచ్చాక అసలు లెక్క తెలిసింది. అక్కడ బతకడానికి సరిపడా డబ్బు ముందే ఒక ప్రత్యేక ఖాతాలో వేసి చూపించాలి. అందులోంచి నెలనెలా ఇంత అని మాత్రమే చేతికొస్తుంది. అప్పట్లో నెలకు 934 యూరోలు (2024 సెప్టెంబరు నుంచి 992 చేశారు). ఆరు నెలలకు మన డబ్బుల్లో దాదాపు అయిదు లక్షలు! నాన్నది చిన్న బట్టల దుకాణం. సగం వాయిదాలు కూడా కట్టని చిట్టీని పాడేశారు. ఎంత నష్టానికి పాడారో ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే విమానం ఎక్కేటప్పుడు నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా ఇంట్లో చెప్పకూడదు. ఎవరినీ ఏమీ అడగకూడదు. నా పాట్లు నేనే పడాలి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆరు నెలల్లో నేను చేసిన పెద్ద పొరపాటు తలుపు మూసుకుపోనివ్వడం కాదు... ఆ ఒట్టే!

దిగగానే మొదటి పని చిరునామా నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు నగర కార్యాలయానికి వెళ్లి 'నేను ఫలానా చోట ఉంటున్నాను' అని రాయించుకోవాలి. ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం చేతిలో ఉండాలి. ఆ తర్వాత మొదలవుతాయి ఉత్తరాలు. అక్కడ ప్రతి పనికీ ఇంటికి ఉత్తరమే వస్తుంది, అదీ జర్మన్‌లో. రేడియో, టీవీ రుసుము కట్టమంటూ నాకూ ఒకటి వచ్చింది. నెలకు 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీయే లేదు. ఉన్నా లేకున్నా కట్టాల్సిందేనట. గుండె గుభేలుమంది. రెండు వారాలు ఆ కాగితాన్ని పుస్తకంలో దాచుకుని తిరిగాను. చివరికి పక్కగది అమ్మాయి కంటపడితే నవ్వేసింది. "అది మనిషికి కాదు, ఇంటికి. నేను కడుతున్నాగా. నా నంబరు రాసి పంపించు, చాలు" అంది. రెండు వారాల దిగులు రెండు నిమిషాల్లో తీరిపోయింది. అయినా నాకు బుద్ధి రాలేదు.

తిండి విషయమూ అంతే. పెరుగనుకుని 'క్వార్క్' అనే డబ్బా కొన్నాను. అన్నంలో కలిపితే ముద్దగట్టి, ఎంతకీ కలవదు. అది ఓ రకం మెత్తటి జున్నులాంటిదట. 'యోగుర్ట్' అని రాసి ఉన్నది మన పెరుగు, 'బుటర్‌మిల్ష్' అంటే మజ్జిగ అని తెలియడానికి పది రోజులు పట్టింది. ఆ మజ్జిగలో అల్లం, పచ్చిమిర్చి వేసి తాలింపు పెడితే మజ్జిగచారుకు ఏమాత్రం లోటు లేదు. ఎర్రపప్పు టర్కీ వాళ్ల దుకాణంలో దొరికింది. కొత్తిమీర, పచ్చిమిర్చి వియత్నాం వాళ్ల కొట్లో. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో పనికోసం వచ్చి స్థిరపడిన వియత్నాం కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎక్కువే. తాగడానికి కుళాయి నీళ్లు చాలు. ప్లాస్టిక్ సీసాలో ఏదైనా కొంటే ధరమీద ఇంకో 25 సెంట్లు తీసుకుంటారు. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే అవి తిరిగొస్తాయి. నెలాఖరులో ఆ సీసాలే నాకు రొట్టె పెట్టాయి.

చెత్తకు నాలుగు డబ్బాలు. కాగితాలకు నీలం, ప్యాకెట్లకు పసుపు, కూరగాయల తొక్కలకు గోధుమరంగు, మిగిలినవాటికి నల్లటిది. గాజుసీసాలు రోడ్డుమీద ఉండే వేరే పెట్టెల్లో, రంగును బట్టి వేయాలి. ఆదివారం మాత్రం వేయకూడదు. చప్పుడవుతుందని! ఆదివారం దుకాణాలూ మూసేస్తారు. శనివారం సరుకులు తెచ్చుకోకపోతే ఇక అంతే. పెద్ద రైల్వేస్టేషన్లో దుకాణాలు తెరిచే ఉంటాయని తెలియక మొదటి ఆదివారమంతా బిస్కెట్లతో గడిపాను.

ఇక కింది పెద్దావిడ సంగతి. అమ్మ తెల్లవారుజామున అయిదింటికి లేవగానే ఫోన్ చేసేది. "తిన్నవా బిడ్డా? చలి ఎట్లున్నది?" అని. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అంటే నాకు అర్ధరాత్రి పన్నెండున్నర. అమ్మకు సరిగా వినబడదని గట్టిగా మాట్లాడేదాన్ని. పాత ఇల్లు, చెక్క నేల. నవంబరులో ఓ ఉదయం మా తలుపుకు చీటీ అంటించి ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలని దాని సారాంశం. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు నుంచి ఆవిడ గుమ్మం ముందు పిల్లిలా నడిచేదాన్ని. కుక్కర్ విజిల్ వేస్తుందేమోనని పప్పు గిన్నెలోనే ఉడికించుకునేదాన్ని. మెట్లమీద ఎదురైతే తల వంచుకుని వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు అదే తలుపు ముందు నిలబడ్డాను.

అరగంట గడిచింది. కాళ్లు కొయ్యబారాయి. ఇక తప్పదని బెల్ నొక్కాను. ఆవిడ తలుపు తీసి నా చెప్పులవైపు, చేతిలో డబ్బావైపు చూశారు. "ష్లూసెల్?" అన్నారు. తాళంచెవా అని. ఔనన్నట్టు తలూపేలోపే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకు ఇంగ్లిషు రాదు. బడిలో రష్యన్ నేర్చుకున్న తరం. నా జర్మన్ చూస్తే కూరగాయలు కొనడానికి సరిపోయేంత. అయినా అరక్షణంలో ఉన్ని మేజోళ్లు చేతికిచ్చి, కుర్చీ చూపించి, వేడివేడి టీ, ఆ ఊరి ప్రత్యేకమైన క్రిస్మస్ రొట్టె 'ష్టోలెన్' ముక్క ముందు పెట్టారు.

తాళాలు తీసేవాళ్లలో ముందు కనిపించిన ప్రకటనకు ఆవిడ ఫోన్ చేయలేదు. ముగ్గురిని అడిగారు. రావడానికి ఎంత, ఆదివారమని అదనంగా ఎంత, మొత్తం ఎంత అని గుచ్చిగుచ్చి అడిగి, చివరికి కాగితమ్మీద '120' అని రాసి చూపించారు. ఆ అబ్బాయి వచ్చి అయిదు నిమిషాల్లో తలుపు తీశాడు. పదివేల రూపాయల పైమాటే! కానీ ధర ముందే తేల్చుకోకపోతే ఇంకెంత అయ్యేదో.

వెళ్లబోతూ, రాత్రుళ్లు గొడవ చేసినందుకు వచ్చీరాని భాషలో క్షమాపణ చెప్పాను. గడియారం చూపించి, "మామా... ఇండియా" అన్నాను. ఆవిడకు అర్థమైంది. నవ్వేశారు. ఇంకేదో కూడా చెప్పారు. అది నాకు అంతుబట్టలేదు. రాత్రి మా పక్కగది అమ్మాయి ఊరినుంచి వచ్చి, కిందికెళ్లి కనుక్కుని చెప్పింది. "కొత్తగా ఇంట్లో దిగినవాళ్లు బెల్ కొట్టి పేరు చెప్పుకోవడం ఇక్కడి మర్యాద. నువ్వొస్తావని సెప్టెంబరు నుంచీ చూశారట!"

ఆ మాటకు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మన దగ్గర కొత్తవాళ్లు సామాను దించకముందే పక్కింటివాళ్లు వచ్చి "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతారు. అక్కడ కొత్తవాళ్లే వెళ్లాలి. వాళ్లు రాలేదని నేను, నేను రాలేదని ఆవిడ... మధ్యలో ఒక్క చీటీ.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, అంటే మనకు రాత్రి ఎనిమిదిన్నరకు, ఇంటికి ఫోన్ చేసి అన్నీ చెప్పేశాను. ఉత్తరం, క్వార్కు, చీటీ, 120 యూరోలు... ఏదీ దాచలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తిడతారనుకున్నాను. "సరే గని బిడ్డా, తాళంచెవి ఇంకోటి ఆ పెద్దమ్మ దగ్గర పెట్టినవా మరి?" అన్నారు.

మా ఇంటమ్మాయిలిద్దరినీ అడిగి, ఆ రోజే రెండో తాళంచెవి ఆవిడకిచ్చాను. మళ్లీ దాని అవసరం రాలేదు. కానీ దాన్ని చూసే వంకతో ఆదివారాలు ఆవిడ దగ్గరికి వెళ్లేదాన్ని. మజ్జిగచారు రుచి చూపించాను. రెండు చెంచాలు తాగి మంచినీళ్లడిగారు! నాకు వచ్చే ఉత్తరాల్లో ఏది ముఖ్యమో, ఏది చెత్తో ఆవిడే చెప్పేవారు. మార్చిలో బయల్దేరేరోజు ఆ తాళంచెవిని ఓ కవరులో పెట్టి నాకు తిరిగిచ్చారు.

ఇప్పుడు మా కాలేజీ నుంచి వెళ్లే జూనియర్లు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, ఏమేం తెచ్చుకోవాలి?" అని. అగ్నిమాపక దళానికి, అంబులెన్సుకు 112, పోలీసులకు 110, రాత్రివేళ డాక్టరు కావాలంటే 116117 అని రాయిస్తాను. ఆరోగ్యబీమా కాగితాలు విడిగా పెట్టుకోమంటాను. ఆ తర్వాత చివరగా ఒకమాట చెబుతాను.

"పచ్చళ్లు ఎట్లాగూ మీ అమ్మ పెడుతుంది. దిగినరోజే కింది ఇంటి బెల్ కొట్టు. రెండో తాళంచెవి ఎవరికివ్వాలో ముందు అది చూసుకో."