ఓడే జట్టు ఎందుకు ఓడుతూనే ఉంటుంది?



ఈ నెల మీతో ఒక ఆట గురించి మాట్లాడాలనుకుంటున్నాను. అమెరికాలో దాన్ని ఫుట్‌బాల్ అంటారు. మన పిల్లలు గ్రౌండ్‌లో కాలితో తన్నే ఫుట్‌బాల్ వేరు. అక్కడివాళ్లు కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. యూనివర్సిటీ జట్ల మధ్య జరిగే పోటీలకు కొన్ని చోట్ల లక్ష మంది స్టేడియానికి వస్తారు. మీ బంధువుల పిల్లలు ఎవరైనా అక్కడ ఎం.ఎస్. చేస్తుంటే, మ్యాచ్ ఉన్న శనివారం ఊరు ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో తిరుగుతుందని చెప్పే ఉంటారు.

మా పెద్దమ్మ కొడుకు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో చదివాడు. సెలవులకు వచ్చినప్పుడు నాకో ఊదా రంగు టీషర్టు తెచ్చి, "ఒకప్పుడు దేశంలోకెల్లా చెత్త జట్టు మాదే" అని ఎంతో గర్వంగా చెప్పాడు. ఇందులో గర్వపడేదేముందా అని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ మన పేరెంట్స్ మీటింగుల్లో మీరు అడిగే ప్రశ్నలే గుర్తొచ్చాయి.

ఓటమి ఒక చక్రం

ఎప్పుడూ ఓడే జట్లకు కష్టాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మంచి ఆటగాళ్లు ఎక్కువగా టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి పెద్ద రాష్ట్రాల హైస్కూళ్ల నుంచి వస్తారు. కాన్సాస్ రాష్ట్రం మొత్తం జనాభా 30 లక్షల లోపే. కాలేజీని ఎంచుకునే పదిహేడేళ్ల కుర్రాడు సహజంగానే గెలిచే జట్టు వైపు చూస్తాడు. మంచి ఆటగాళ్లు రాకపోతే జట్టు ఓడుతుంది. ఓడితే టికెట్లు అమ్ముడుపోవు. డబ్బు రాకపోతే మంచి వసతులు ఉండవు. వసతులు లేని చోటికి మంచి ఆటగాళ్లు రారు.

క్లాసులో మేం రోజూ చూసేదీ ఇలాంటి చక్రమే. ఇంగ్లిష్ రాదని భయపడే బిడ్డ నోరు తెరవదు. నోరు తెరవకపోతే ఇంగ్లిష్ రాదు.

కాన్సాస్ స్టేట్ 1987, 1988 సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. పెద్ద స్థాయి కాలేజీ జట్లలో 500 మ్యాచ్‌లు ఓడిన మొదటి జట్టు అదే. సీజన్ చివర మంచి జట్లకు 'బౌల్' అనే ప్రత్యేక మ్యాచ్ ఆడే గౌరవం దక్కుతుంది. అప్పటిదాకా తన చరిత్ర మొత్తంలో ఆ జట్టుకు అది దక్కింది ఒక్కసారే, 1982లో.

1, 5, 7, 5, 9

అలాంటి జట్టుకు బిల్ స్నైడర్ అనే కోచ్ వచ్చారు. 1989లో, ఆయన మొదటి సీజన్‌లో, జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. ఆ ఒక్కటీ చివరి క్షణంలో, 20-17 తేడాతో. వరసగా 30 మ్యాచ్‌ల తర్వాత వచ్చిన గెలుపు అది. తర్వాతి సీజన్లలో గెలిచినవి 5, ఆపై 7, ఆపై 5, ఆపై 9.

ఈ అంకెల్లో నాలుగోదాని దగ్గర, అంటే 1992 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 7 నుంచి మళ్లీ 5కి పడిపోయింది. "ఈయన వల్ల కాదు, ఇంకొకరిని చూద్దాం" అని యూనివర్సిటీ అనుకుని ఉంటే కథ అక్కడే ముగిసేది. వాళ్లు అలా అనుకోలేదు. మరుసటి ఏడాది 9 గెలిచారు, వాటిలో బౌల్ మ్యాచ్ కూడా ఉంది. 1993 నుంచి 2003 దాకా వరసగా 11 ఏళ్లు బౌల్‌కు వెళ్లారు. 1998లో దేశంలో నంబర్ వన్ స్థానం దాకా చేరారు.

స్నైడర్ చేసిన పనుల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. సీజన్ మొదట్లో కావాలనే బలహీనమైన జట్లతో మ్యాచ్‌లు పెట్టించుకునేవారు. చాలామంది ఎగతాళి చేశారు. కానీ ఓటమికి అలవాటు పడ్డ కుర్రాళ్లు ముందు గెలుపు రుచి చూడాలి కదా! ఆటగాళ్ల కోసం 16 లక్ష్యాలు రాసిపెట్టారు. రోజూ ఆటలో, చదువులో, నడవడికలో నిన్నటికంటే కొంచెం మెరుగవ్వడం వాటిలో ఒకటి.

గంటన్నర దూరంలో మరో కథ

అదే రాష్ట్రంలో, కారులో దాదాపు గంటన్నర దూరంలో కాన్సాస్ యూనివర్సిటీ ఉంది. 2007 సీజన్‌లో ఆ జట్టు 13 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది. 2009 చివర్లో కోచ్ రాజీనామా చేశారు. తర్వాత వచ్చిన కోచ్‌తో అయిదేళ్ల కాంట్రాక్టు రాసుకుని, రెండేళ్లకే పంపేశారు. ఆ తర్వాతి కోచ్‌తోనూ అయిదేళ్ల కాంట్రాక్టే. ఆయన్ని మూడో సీజన్ మధ్యలోనే పంపేశారు. 2010 నుంచి 2021 దాకా 12 సీజన్లు. ఒక్క సీజన్‌లో కూడా మూడుకు మించి గెలవలేదు.

కోచ్ మారితే ఏమవుతుంది? ఒక్కో కోచ్ ఆట పద్ధతి ఒక్కోలా ఉంటుంది. వేగంగా పరుగెత్తేవాళ్లు ఒకరికి కావాలి, బరువుగా బలంగా ఉండేవాళ్లు ఇంకొకరికి కావాలి. పాత కోచ్ ఏరుకున్న పిల్లలు కొత్త పద్ధతికి సరిపోరు. కొందరు వెళ్లిపోతారు. హైస్కూల్ నుంచి వచ్చిన కుర్రాడు గట్టిపడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. వాడు సిద్ధమయ్యే సమయానికి మరో కోచ్, మళ్లీ మొదటి పాఠం.

ఓపిక ఒక్కటే చాలదని కూడా ఆ కథే చెబుతోంది. తర్వాత వచ్చిన ఒక కోచ్‌కు నాలుగేళ్లు ఇచ్చారు. ఆయన గెలిచినవి ఆరే. సరైన మనిషిని, సరైన పద్ధతిని ఎంచుకున్నాక చూపిస్తేనే ఓపికకు ఫలితం. 2021లో లాన్స్ లైపోల్డ్ వచ్చారు. మొదటి ఏడాది గెలిచినవి 2. ఆయన్ని కదపలేదు. తర్వాత 6, ఆ తర్వాత 9.

"ఒక్క ఏడాదిలో మారిన జట్లు లేవా?" అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. 2023లో 3 మాత్రమే గెలిచిన ఇండియానా, కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి వచ్చాక 2024లో 11 గెలిచింది. అయితే ఆయన తన పాత యూనివర్సిటీ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లను వెంట తెచ్చుకున్నారు. వాళ్లకు ఆయన పద్ధతి అప్పటికే వచ్చు. పైకి ఒక్క ఏడాదిలా కనిపించే ఆ గెలుపు వెనక వేరే చోట పడిన కొన్నేళ్ల కష్టం ఉంది.

మన ఇళ్లలో

యూనిట్ టెస్ట్ మార్కులు రాగానే "సెక్షన్ మార్చమంటారా, ట్యూషన్ మార్చమంటారా, స్కూలే మార్చేయమంటారా?" అని మీలో చాలామంది అడుగుతారు. ఫీజు కట్టే ప్రతి రూపాయి వెనకా మీ కష్టం ఉంది కాబట్టి ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. "మీ టీచర్లే ఏటా మారిపోతున్నారు కదా" అని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. అది న్యాయమైన ప్రశ్న. స్కూళ్లు కూడా ఆలోచించాల్సిన విషయం.

అయిదేళ్లలో నాలుగు స్కూళ్లు మారిన ఒక అబ్బాయి నా ఏడో తరగతిలో చేరాడు. టెన్స్ రూల్స్ మూడు రకాలుగా అప్పజెప్పగలడు. లీవ్ లెటర్ సొంతంగా రాయమంటే పెన్ను కదిలేది కాదు. ప్రతి చోటా మొదటి పాఠం విన్నాడు, చివరి పాఠం దాకా ఎక్కడా ఉండలేదు. వాడికి రోజుకు మూడు వాక్యాలే ఇచ్చాను. తప్పులున్నా సరే, సొంతంగా రాయాలి. సంవత్సరం చివరికి ఒక పేజీ రాశాడు. మార్కుల్లో అది పెద్దగా కనిపించలేదు. వాళ్లమ్మగారు మాత్రం ఆ పేజీని ఫోటో తీసుకుని దాచుకున్నారు.

కాబట్టి నాదొక మనవి. ఈసారి ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చినప్పుడు పక్కింటి అబ్బాయి మార్కులతో పోల్చకుండా, మీ బిడ్డ పాత కార్డులు నాలుగు తీసి వరసగా పెట్టి చూడండి. 1, 5, 7, 5, 9 లాంటి వరస కనిపిస్తే, మధ్యలో పడిన ఆ 5ని చూసి కంగారు పడకండి. నాలుగు కార్డులూ ఒకేలా ఉంటే మాత్రం తప్పకుండా వచ్చి మమ్మల్ని అడగండి. ఏం మార్చాలో కలిసి కూర్చుని ఆలోచిద్దాం.

— మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్