తెలీదని చెప్పడం

పోయిన సెప్టెంబరులో ఒకరోజు రాత్రి పదకొండు గంటలప్పుడు మా పాప వీడియో కాల్ చేసింది. నేను పడుకుంటానని తెలుసు కాబట్టి మామూలుగా ఆ వేళకి చెయ్యదు. ఎత్తగానే, "అమ్మా, మూడు వారాలైంది. క్లాసులో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అని ఏడ్చేసింది.

పాప నెదర్లాండ్స్‌లో మాస్ట్రిక్ట్ అనే ఊళ్లో కాగ్నిటివ్ న్యూరోసైన్స్‌లో మాస్టర్స్ చదువుతోంది. మనిషి ఎలా గమనిస్తాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు, ఎందుకు మరిచిపోతాడు అని చదివే చదువు. బనగానపల్లెలో ఎవరైనా "పాప ఏం చదువుతాంది?" అని అడిగితే "మెదడు చదువు" అంటాను. "అయితే డాక్టరా?" అంటారు. కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. మా ఆయన నాపరాళ్ల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. బ్యాంకు అప్పు తీసుకుని పంపించాం. అందుకే ఆ రాత్రి నాకు ముందు కోపమే వచ్చింది. క్లాసులో మాట్లాడకపోతే ఏమైంది, విని రాసుకుంటే సరిపోదా అన్నాను.

"వినడానికి అక్కడ ఎవరూ పాఠం చెప్పరమ్మా" అంది.

అప్పుడు విడమర్చి చెప్పింది. పది పదిహేనుమంది పిల్లలు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. చేతిలో అర పేజీ సమస్య ఉంటుంది. ఒకరు చర్చ నడిపిస్తారు, ఒకరు బోర్డు మీద రాస్తారు. ట్యూటర్ పక్కన కూర్చుంటారు, జవాబు మాత్రం చెప్పరు. మొత్తం ఏడు మెట్లు. అర్థంకాని మాటలు తేల్చుకోవాలి. అసలు ప్రశ్న ఏమిటో చెప్పుకోవాలి. పుస్తకం ముట్టకుండా ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. చెప్పినవన్నీ ఒక వరసలో సర్దాలి. ఇంకా తెలియనిదేమిటో ప్రశ్నలుగా రాసుకోవాలి. ఆ తర్వాత ఎవరికి వారు చదువుకుని, మళ్లీ కూర్చుని చెప్పుకోవాలి. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ వైద్య కళాశాలలో మొదలైన పద్ధతట. మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం 1970లలో పుట్టినప్పటినుంచీ దాన్నే పట్టుకుంది.

"మూడో మెట్టు దగ్గరే నా గొంతు పట్టేస్తుందమ్మా. చదవకుండా ఎట్లా చెప్పాలి? తప్పైతే?"

నాకు నిద్ర పట్టలేదు. "తెలీకపోతే నోరు మూసుకో" అనే మాట ఆ పిల్ల చెవిలో పోసింది నేనే. చుట్టాల ముందు ఏదైనా అడిగితే కళ్లతోనే ఆపేదాన్ని. నేనూ అట్లాగే చదువుకున్నాను. బి.ఏ. తెలుగు అంటే నాకు నోట్సు బట్టీ పట్టడమే. అడగని పిల్ల మంచి పిల్ల.

మర్నాడు ఫోన్ చేసి, "చదవకముందు మాట్లాడితే ఏం లాభం? టైం దండగ కదా" అని అడిగాను. పాప చెప్పిన జవాబు నాకు భలే నచ్చింది. హెంక్ ష్మిట్ అనే డచ్చి మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఈ సంగతే పరీక్ష చేసి 1989లో అచ్చువేశారట. రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగులుతుంది, ఉప్పునీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది, ఎందుకు? కొందరు పిల్లలు గుంపుగా కూర్చుని దీని గురించి తమకు తోచింది మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అందరికీ దాని మీద పాఠం చదవడానికిచ్చారు. ముందు మాట్లాడుకున్నవాళ్లకి పాఠం ఎక్కువ గుర్తుంది. ఉప్పు పట్టించిన మామిడి ముక్క నీళ్లొదిలి ముడుచుకోవడం మనం రోజూ చూసేదే కదా అన్నాను. "అదేనమ్మా! నీకు ముందే తెలిసింది ఒకటుంటుంది. దాన్ని బయటికి తీసి పెట్టుకుంటే కొత్తది దానికి అతుక్కుంటుంది" అంది.

బట్టీ అంతా వృథానే అయితే అని కొంచెం దిగులుగా అడిగాను. చూడకుండా అప్పజెప్పడం మాత్రం చాలా మంచిదట. రోడిగర్, కార్పికీ అని ఇద్దరు 2006లో చూపించారు. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చదివింది చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లదే పైచేయి. మా తెలుగు మాస్టారు పద్యాలు అప్పజెప్పించింది మంచికేనన్నమాట. అర్థం కానిది అడగనివ్వకపోవడమే తప్పు.

ఆ వారం వాళ్ల సమస్య ఏమిటో చదివి వినిపించమన్నాను. డెబ్భై ఏళ్లు దాటిన ఒకామె. పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. చేతిపని మాత్రం చక్కగా చేస్తుంది. ఎందుకని?

వంటింటి గడప దగ్గర మా అత్తమ్మ కూర్చుని ఉంది. నా గుండె జారింది. కొన్ని నెలలుగా పప్పులో ఉప్పు రెండుసార్లు పడుతోంది. "ఉప్పు నువ్వే చూసుకోమ్మా, నాకు నాలిక సచ్చింది" అంటోంది. ఇంటికొచ్చినవాళ్లని పేరు పెట్టి పిలవడం మానేసి "బాగుండావా?" అని నవ్వుతోంది. అదంతా నేను చూస్తూనే ఉన్నాను. నాలో నేను కూడా అనుకోలేదు. ఆ రోజు పాపతో చెప్పేశాను.

కాసేపు ఆగి పాప అడిగింది, "అవ్వ రొట్టెలు చేస్తాందా?"

చేస్తోంది. జొన్న పిండిలో వేడినీళ్లు పోసి పిసికి, అరచేత్తో తడుతూ తిప్పుతూ, అంచు పగలకుండా చంద్రుడిలా చేస్తుంది. నాకు పెళ్లై పాతికేళ్లయినా ఆ చెయ్యి రాలేదు.

ఆ తర్వాతి క్లాసులో పాప నోరు విప్పింది. ఇది సరైనదో కాదో తెలీదు అని మొదలుపెట్టి, అవ్వ రొట్టెల గురించి చెప్పిందట. జొన్న రొట్టె చూసినవాళ్లు ఎవరూ లేరు. బల్ల మీద తట్టి చూపించింది. ఎవరో అడిగారట, అయితే రెండూ ఒకే రకం జ్ఞాపకమా అని. బోర్డు మీద అదే ప్రశ్నగా ఎక్కింది. దాని కోసం చదువుతుంటే హెన్రీ మొలైసన్ కథ దొరికింది. మూర్ఛలు తగ్గించాలని 1953లో మెదడుకి ఆపరేషన్ చేస్తే ఆయనకి కొత్త సంగతులు గుర్తుండటం ఆగిపోయింది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. రోజురోజుకీ చెయ్యి కుదిరింది. ముందురోజు గీసినట్టు మాత్రం ఆయనకి గుర్తే లేదు. చేతి జ్ఞాపకం వేరు, సంగతుల జ్ఞాపకం వేరు.

"అవ్వది కూడా అదేనా?" అన్నాను. "నేను డాక్టర్ని కాదమ్మా. పేరు పెట్టొద్దు. మనకేం తెలుసో, ఏం తెలీదో రాద్దాం" అంది.

ఆదివారం కూర్చున్నాం. నేను, మా ఆయన, నంద్యాల నుంచి వచ్చిన మా మరిది, ఫోన్లో పాప. పాత క్యాలెండర్ వెనకవైపు నేను రాశాను. "వయసు, ఇంకేముంది" అన్నారు మా ఆయన. "నాన్నా, అది జవాబు. ఇంకా ప్రశ్నే రాయలేదు" అంది పాప. అప్పుడు బయటపడ్డాయి. ఎప్పటినుంచి? ఏయే మాత్రలు వేసుకుంటోంది? రాత్రి నిద్ర పడుతోందా? చెవులు సరిగా వినిపిస్తున్నాయా? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు.

"అవ్వని పిలిచారా?" అంది పాప.

ముగ్గురం మొహాలు చూసుకున్నాం. పక్క గదిలో ఉన్న మనిషిని పిలవాలని ఎవరికీ తోచలేదు. వచ్చి కూర్చుని అంతా విని అత్తమ్మ అంది, "నాకు తెలుస్తానే ఉందిమా, మతి పోతాందని. చెప్తే నన్ను పొయ్యికాడికి రానీరని చెప్పలే."

ఆ మాటకి మా ఆయన తల దించుకున్నారు. పాప క్లాసులో నోరు విప్పకపోవడం, అత్తమ్మ పేర్లు పిలవకపోవడం ఒకటే. ఇద్దరికీ భయం. ఆ భయం పెట్టింది మేమే.

ఆ కాగితం తీసుకుని కర్నూలులో డాక్టరుకి చూపించాం. ఆయన మొత్తం చదివారు. స్కాన్, థైరాయిడ్, బి12 పరీక్షలు రాశారు. మతిమరుపు అంతా వయసు వల్లే అనుకోకూడదట, కొన్ని కారణాలకి మందులున్నాయట. అత్తమ్మకి బి12 తక్కువగా ఉంది. మందులు మొదలుపెట్టాక కొంత తేరుకుంది. పూర్తిగా కాదు. ముందుముందు ఎలా ఉంటుందో చూస్తూ ఉండాలన్నారు.

ఇప్పుడు ఉప్పు నేను వేస్తాను, గ్యాస్ నేను కట్టేస్తాను. రొట్టె మాత్రం ఆమెదే. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టడం ఇంట్లో అందరం మానేశాం.

మొన్న ఆదివారం పాప ఫోన్ చేసింది. మరుసటి క్లాసులో చర్చ నడిపించే వంతు తనదేనట. అత్తమ్మ ఫోన్ తీసుకుని, "నీ పేరు నోటికి రావడంలే పాపా, చెప్పు" అంది. పాప నవ్వుతూ చెప్పింది. అత్తమ్మ రెండుసార్లు అప్పజెప్పింది.