మొదటి సెమిస్టర్ జర్మన్ ఇంట్లో

మన కోట ఊరి పక్కనే విద్యానగర్‌లో 1979 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇక్కడ చదివి జర్మనీకి వెళ్లాలనుకునే పిల్లలూ, మొదటి సెమిస్టరైనా తెలుగు స్నేహితుల గదిలో కాకుండా ఒక జర్మన్ కుటుంబంతో ఉండండి. ఎంఎస్ ఇంగ్లీషులోనే కదా, జర్మన్ ఎందుకు అంటారా? క్లాసుకు అక్కర్లేకపోవచ్చు, నిజమే. కానీ అద్దె ఒప్పందం, ఆఫీసు కాగితాలు, చాలా ఉద్యోగాలు జర్మన్‌లోనే నడుస్తాయి. రోజూ అన్నాల దగ్గర చెవిన పడే భాషకు ఏ కోచింగూ సాటిరాదు.

తిండి కుదరదంటారా? ఏం తినరో ముందే చెప్పండి, శాకాహారం అక్కడ కొత్తేమీ కాదు. ఇక ఖర్చు సంగతి: అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేకున్నా, 2024 సెప్టెంబరు నుంచి వీసాకు ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు చూపించాలి. అమ్మానాన్నలు అంత సర్దాక భాష రాకుండా తిరిగి రావడం అన్యాయం. అడ్మిషన్ రాగానే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు రాసి, ఇంట్లో ఉంచుకునే కుటుంబాల గురించి అడగండి.