బోర్లు వద్దన్నారు... బావులు నిండాయి!

షిర్డీ వెళ్లే తెలుగువాళ్ల ప్రయాణం దాదాపు ఒకేలా ఉంటుంది. బాబా దర్శనం, శని శింగణాపూర్, వీలైతే ఎల్లోరా గుహలు... ఆపైన తిరుగు రైలు! అదే జిల్లాలో గుడి కోసం కాక నీళ్ల కోసం జనం వెతుక్కుంటూ వెళ్లే ఊరు ఒకటుంది. పేరు హివరే బజార్. జిల్లా కేంద్రమైన అహిల్యానగర్‌కి (2024 దాకా అహ్మద్‌నగర్) ఇరవై కిలోమీటర్ల లోపే.

అక్కడ ఏడాదికి కురిసే వాన 400 మిల్లీమీటర్లు దాటడం కష్టం. కరవుకు మారుపేరైన మన అనంతపురంలోనే 550 దాకా కురుస్తుంది. మరి ఇక్కడ నీళ్లెక్కడివి?

1972 కరవు ఈ ఊరి నడుం విరిచింది. కొండల మీది చెట్లు వంటచెరకుగా పోయాయి. కురిసిన కాస్త వానా మట్టిని కోసుకుంటూ కిందికి పారిపోయేది. బావులెండాయి. పనికోసం జనం పుణె, ముంబయి దారి పట్టారు. ఉన్నవాళ్లకు సారాయే కాలక్షేపం. ప్రభుత్వోద్యోగిని ఇక్కడికి బదిలీ చేశారంటే శిక్ష వేశారనే లెక్క!

1989లో కుర్రకారు పట్టుబట్టి ఎం.కాం. చదివిన పోపట్‌రావ్ పవార్‌ని సర్పంచిని చేశారు. క్రికెట్ ఆటగాడిగా పేరున్న ఆయన, పొరుగునే ఉన్న రాళేగణ్ సిద్ధిని చూసి, ఆ బాటే పట్టారు. 1994లో ఆదర్శ గ్రామ పథకం తోడైంది. కొండవాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. వాగులకు అడ్డుకట్టలు వేశారు, ఊటకుంటలు కట్టారు. శ్రమదానం సరేసరి.

ఇంతవరకూ చాలా ఊళ్లు చేసినదే. కందకాలు తవ్వడం తేలిక, నిధులొస్తే ఎవరైనా తవ్వుతారు. ఊరిన నీటిని ఎవరు, ఎంత తోడుకోవాలన్న దగ్గరే అసలు పేచీ. హివరే బజార్ దాన్ని గ్రామసభలో తేల్చుకుంది. సాగుకు బోర్లు వేయకూడదు. చెరకు, అరటి వద్దు. చెట్టు మీద గొడ్డలి పడకూడదు. కొండమీదికి పశువుల్ని తోలకూడదు, గడ్డి కావాలంటే కొడవలితో కోసుకుని మోపు కట్టుకోవాలి.

చెరకు వద్దనుకోవడం చిన్న సంగతి కాదు. సహకార చక్కెర మిల్లులకు పుట్టినిల్లు ఈ జిల్లా! పక్క ఊళ్లో చెరకు డబ్బు కళ్లముందు కనిపిస్తుంటే, తన పొలంలో జొన్న, ఉల్లి వేసుకోవాలంటే రైతుకు గుండెనిబ్బరం కావాలి.

బోర్ల సంగతీ అంతే. ఇక్కడి నేల నల్లరాతి పొరల మయం. బావిలో నీరు పైపొరల్లో ఊరేది, అది అందరిదీ. ఒక్కరు లోతుగా బోరు దించితే ఇరుగుపొరుగు బావులు నోరు తెరుస్తాయి. బోరు వేసేవాడికి అది తన పొలం, తన డబ్బు. నీళ్లు మాత్రం ఊరివి.

వానాకాలం ముగిశాక ఇక్కడ నీటి బడ్జెట్ వేస్తారు. ఎంత కురిసింది, బావుల్లో ఎంతుంది... లెక్క కడతారు. ముందు మనుషులు, పశుపక్ష్యాదుల తాగునీరు. మిగిలినదే సాగుకు. తక్కువుంటే పంట మార్చుకోవాల్సిందే. 2012-13లో మహారాష్ట్రను కరవు కుదిపేసినప్పుడు ఇక్కడ కురిసింది మామూలు వానలో సగమే. అయినా లెక్క ప్రకారం వాడుకుని వేసవిని గట్టెక్కారు.

1995లో ఈ ఊళ్లో 168 కుటుంబాలు దారిద్య్రరేఖకు దిగువన ఉండేవి. 2010 నాటికి అవి మూడే. గడ్డి పెరిగింది కాబట్టి పాడి పెరిగింది. ఒకప్పుడు రోజుకు 150 లీటర్ల పాలు దొరకడమే గగనం, అది 4,000 లీటర్లకు చేరింది. వలసపోయినవాళ్లు మూటాముల్లెతో తిరిగొచ్చారు. పవార్‌కి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

ఇదంతా ఒక్క మనిషి చలవేనంటే సగమే నిజం. అలాంటి సర్పంచి ప్రతి ఊరికీ దొరకడు. కానీ ఇక్కడి కట్టుబాట్లలో అర్థంకాని శాస్త్రమేదీ లేదు, ఖరీదైన యంత్రమూ లేదు. అందుకే దేశం నలుమూలల నుంచీ రైతులు, అధికారులు వచ్చి చూసిపోతుంటారు.

షిర్డీ నుంచి అహిల్యానగర్‌కి 80 కిలోమీటర్ల పైచిలుకు. అక్కణ్నుంచి కారులో అరగంట చాలు. వానలయ్యాక వెళితే కొండలు పచ్చగా పలకరిస్తాయి. దారిపొడవునా ఎవరి పొలంలో ఏ పంట ఉందో చూసుకుంటూ వెళ్లండి.