వహాకా నగరపు రొట్టె

మెక్సికో దేశపు దక్షిణభాగమున, కొండల నడుమ, వహాకా యను నగరము కలదు. మన వంటయింటి మిరపకాయకు పుట్టినిల్లు మెక్సికోయే. పోర్చుగీసువారి నావలలో నది మన దేశమును జేరినది. కావున నచటి భోజనము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఆ రుచు లెరుగగోరువారు నగరపు నడిబొడ్డుననున్న రెండు సంతలకు బోవలెను. బెనీతో హువారెస్ పేరిటి సంతలో స్త్రీలు ‘తెహాతె’ యను చల్లని పానీయము నమ్ముదురు. మొక్కజొన్న, కకావో గింజలు, మామెయ్ పండు గింజ, సువాసనగల యొక పువ్వు చేర్చి నూరి, ఆ ముద్దపై చన్నీళ్లు పోయుచు చేతితోనే కలుపుదురు. తెల్లని నురుగు పైకి దేలును.

దాని చెంతనే నవంబరు 20 పేరిటి సంత కలదు. అది 1910లో మెక్సికో విప్లవము మొదలైన దినము. అందొక నడవ మాంసము కాల్చు పొగతో నిండియుండును. తక్కిన భోజనశాలలలో, మిరపకాయలను నల్లగా మాడ్చి, నువ్వులు, చాకొలేటు చేర్చి నూరి చేసిన నల్లని ‘మోలె’ను కోడిమాంసముతో వడ్డింతురు.

రాత్రివేళ వీధులలో, బొగ్గులపై కాల్చిన పెద్ద రొట్టె ‘త్లయూదా’ దొరకును. దానిపై చిక్కుడుజాతి గింజల ముద్దయు, జున్నును పరతురు. పందికొవ్వుకూడ పూయుట వాడుక. శాకాహారులు ‘సిన్ అసియెంతో’ యని ముందే చెప్పవలెను.

ఇన్నిటికిని మూలము మొక్కజొన్న. ఈ నగరమునకు సమీపమునగల గిలా నకిత్స్ గుహలో 6,000 ఏండ్లకు పైబడిన కంకులు దొరకినవి. అచటి స్త్రీలు ఆ గింజలను సున్నపునీట నుడికించి, రాత్రంతయు నాననిచ్చి, కడిగి రుబ్బుదురు. మనము తాంబూలమునకు వాడు సున్నమువంటిదే యది. దానివలన పొట్టు వదలుటయే గాక, గింజలో దాగిన నియాసిన్ అను పోషకము దేహమునకు వశమగును.

మొక్కజొన్న యైరోపాకు బోయెను గాని, ఈ విధము వెంటబోలేదు. 18వ శతాబ్దమున స్పెయిను, ఇటలీ దేశములలో నా గింజనే తిని బ్రదికిన బీదలు పెల్లాగ్రా వ్యాధి పాలైరి; చర్మము పగిలి, మతి చలించి, పెక్కురు మరణించిరి. వంటయింటి యాచారమని తేలికచేసి విడిచినది ప్రాణములను నిలుపు విద్యయే!

నేడు వహాకాలో యంత్రపు రొట్టెలును గలవు. చేతితో తట్టిన రొట్టెకు మరి కొన్ని పెసోలడిగినచో, బేరమాడక యిచ్చుట ధర్మము.