కుటుంబం ఉన్నదా?

మాది వెలిమెల. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఊరు. జొన్నచేలూ వరిమళ్లూ చూసిన కన్నులతోనే ఇప్పుడు మేము ఎత్తయిన భవనాలను చూస్తున్నాము. ఈ మార్పు ఒక్కనాటిది కాదు. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు సమీపంలో ఇక్రిశాట్ వెలిసింది. కాలక్రమంలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు విస్తరించాయి. నాగలి పట్టిన చేతులు కంపెనీ గేటు వద్ద హాజరు కార్డు పట్టాయి. ఆ కార్డులను సరిచూసే టైమాఫీసులో గుమాస్తాగా నేను ఇరవై ఎనిమిది సంవత్సరాలు పనిచేసి విరమించాను. నేను విరమించినా పని నన్ను విడువలేదు. ఆదివారం వచ్చిందంటే మా ఇంటి అరుగు మీద నలుగురైదుగురు కూర్చొని ఉంటారు. ఒకరి చేతిలో ఆధార్ కార్డు, ఒకరి చేతిలో బ్యాంకు పాసుపుస్తకం, మరొకరి చేతిలో అద్దం పగిలిన సెల్‌ఫోను. అందరి మాటా ఒక్కటే: "సారూ, మా పి.ఎఫ్. జర చూడున్రి."

పి.ఎఫ్. అంటే ఉద్యోగుల భవిష్య నిధి. 1951 నవంబరులో ఆర్డినెన్సుగా పుట్టి, 1952లో చట్టమైంది. మొదట్లో వేతనం నుండి 6.25 శాతం మినహాయించేవారు. ఇప్పుడది సాధారణంగా 12 శాతం. కార్మికుడు ఎంత ఇస్తే యజమాని కూడా అంత ఇవ్వాలి. అయితే యజమాని ఇచ్చే దానిలో వేతనంపై 8.33 శాతం మేరకు పింఛను నిధికి మళ్లుతుంది. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 రూపాయలు వచ్చే మనిషిని తీసుకుందాం. అతని నుండి 1,440 రూపాయలు కోత పడుతుంది. యజమాని ఇచ్చే 1,440లో సుమారు 1,000 పింఛనుకూ, మిగిలిన 440 అతని ఖాతాకూ చేరుతాయి. "నావి పదునాలుగు వందలు, వాండ్లవి నాలుగు వందలేనా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పింఛను సంగతి విడమరచి చెప్పినదాకా వారి ముఖంలో అనుమానం తొలగదు. కొందరికి అప్పటికీ తొలగదు.

ఇదంతా కాగితాల మీద నడిచిన కాలాన్ని నేను ఎరుగుదును. కొత్తగా చేరినవారి చేత నామినేషన్ పత్రం నింపించేవాళ్లము. నింపించడం అన్న మాట నిజానికి సరికాదు. నింపేది నేను, అతడు బొటనవేలు సిరాలో అద్ది ఇచ్చేవాడు. "నీ తదనంతరం ఈ డబ్బు ఎవరికి చెందాలి?" అని అడగడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. పని దొరికిందన్న సంతోషంతో మొదటిరోజు గేటు దాటి వచ్చిన ఇరవై ఏళ్ల యువకుణ్ణి చావు గురించి అడగడం ఏమి మర్యాద? అతడు మాత్రం నవ్వి, "అమ్మ పేరు రాయున్రి సారూ" అనేవాడు. ఆ పత్రం ఇనుప బీరువాలోకి చేరేది. తరువాత అతనికి పెళ్లయినా, పిల్లలు పుట్టినా, బీరువాలోని కాగితానికి ఆ కబురు అందేది కాదు. ఏడాదికొకసారి వచ్చే లెక్క చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకొనేవాడు. రెండు షిఫ్టుల చెమటకు అంకెలు అలికిపోయేవి.

2014లో ఈ పద్ధతి మారింది. ప్రతి సభ్యునికీ పన్నెండు అంకెల ఖాతా సంఖ్యను కేటాయించారు. కంపెనీ మారినా, కాంట్రాక్టరు మారినా ఆ సంఖ్య మారనక్కరలేదు. సభ్యుడు ఆ సంఖ్యతో అంతర్జాలంలో తన ఖాతాను తానే తెరిచి, నెలనెలా ఎంత జమ అయిందో చూసుకోవచ్చు. నామినీ పేరును తానే చేర్చుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. ఆ పత్రం మీద యజమాని సంతకం అక్కరలేదు. ఆధార్‌కు జతపడిన ఫోనుకు వచ్చే ఓ.టి.పి.యే అతని సంతకం.

ఇందులోని మేలును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. మాత్రలు డబ్బాలకు ఎత్తే పనిచేసే ఒక ఇల్లాలు ఒక ఆదివారం జీతం చీటీలు పట్టుకొని వచ్చింది. "సారూ, కోతయితే నెలనెలా అయితున్నది. మరి పైసలు ఎక్కుతున్నయో లేదో?" అన్నది. ఖాతా తెరిచి చూస్తే ఐదు నెలలుగా ఒక్క రూపాయి జమ కాలేదు. కోసిన సొమ్మును కాంట్రాక్టరు తన దగ్గరే ఉంచుకొన్నాడు. ఆమె ఆ పుటను అచ్చు తీయించుకొని, తోటి ఆడవాళ్లను పదిమందిని వెంటబెట్టుకొని వెళ్లి, అతని బల్ల మీద పరచింది. గట్టిగా అరిచిందో, మెల్లగా అడిగిందో నాకు తెలియదు. మరుసటి నెలలో బకాయి మొత్తం జమ అయింది. నా బీరువా కాలంలో అయితే ఈ సంగతి ఆమెకు ఏళ్ల తరబడి తెలిసేది కాదు.

ఈ ఏర్పాటుకు స్వయంసేవ అని పేరు. పేరు బాగున్నది. కాని ఆ 'స్వయం' ఎవరు? మా ఊళ్లో ఏ కార్మికుడూ ఒంటరిగా ఆ పుటను తెరవగా నేను చూడలేదు. వారు తెరిచే పుటలో కనిపించేది ఆంగ్లం. అందుచేత కొందరు నా అరుగు ఎక్కుతారు. కొందరు అంతర్జాల దుకాణానికి పోయి, యాభయ్యో వందో ఇచ్చి, తమ రహస్య సంఖ్యను పదిమంది వింటుండగా పైకి చదివి వస్తారు. ఇది నాకు ఎంతమాత్రం నచ్చదు. ఇంటి తాళంచెవిని సంతలో వేలాడదీసినట్లే. తక్కినవారికి దిక్కు ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలే. తండ్రి పక్కన కూర్చుంటాడు, కూతురు ఫోను పట్టుకుంటుంది. ఆయన ఏ సంవత్సరంలో ఏ కంపెనీలో చేరాడు, ఎక్కడ మానేశాడు, మధ్యలో ఎన్ని నెలలు పని లేక ఉన్నాడు, ఇవన్నీ వరుసగా తెర మీదికి వస్తాయి. ఒక అమ్మాయి అలా చూస్తూ చూస్తూ, "బాపూ, నేను పదో తరగతి చదివిన యేడు నీకు ఏడు నెలలు పని లేదా? మరి నా ఫీజు ఎట్ల కట్టినవ్?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. "ముందుకు నడుపు బిడ్డా, కిందికి జరుపు" అన్నాడు.

అన్నింటికంటె ఎక్కువ చిక్కు పేర్లతో వస్తుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒక కార్డులో అది ఒకే అక్షరంగా మిగులుతుంది, మరొక కార్డులో పూర్తిగా ఉండి పేరుకు తోకగా చేరుతుంది. లక్ష్మి అన్న చక్కని పేరును ఆంగ్లంలో ఒకరు 'కె.ఎస్.హెచ్.' పెట్టి రాస్తారు, ఇంకొకరు 'ఎక్స్' పెట్టి రాస్తారు. పిలిస్తే పలికే మనిషి ఒకతే. యంత్రానికి మాత్రం ఇద్దరు. కంపెనీ గుమాస్తా రాసిన పేరుకూ ఆధార్‌లోని పేరుకూ పొంతన కుదరకపోతే పని ముందుకు సాగదు. సవరణ కోసం కార్మికుడు, యజమాని కలిసి ఉమ్మడి ప్రకటన పంపాలి. మూతపడిన కంపెనీ యజమానిని ఎక్కడ వెతికేది? 2025 జనవరిలో ఈ నియమాన్ని కొంత సడలించారు. 2017 అక్టోబరు తరువాత ఆధార్ ఆధారంగా సంఖ్య పొందినవారు పేరు, పుట్టిన తేదీ వంటివాటిని యజమాని ప్రమేయం లేకుండానే దిద్దుకోవచ్చు. చిన్న సడలింపే కాని, మా అరుగు మీద చాలామందికి ఊపిరి ఆడింది.

నామినీ పేరు చేర్చమని నేను వెంటబడి చెబుతుంటే, "ఇప్పుడేం తొందర సారూ" అనేవారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో పేలుడు జరిగింది. నలభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. బీహారు, ఒడిశా వంటి దూర రాష్ట్రాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. కొందరి దేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసివచ్చింది. ఆ వారం మా ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తరువాతి ఆదివారం నా అరుగు చాలలేదు. వచ్చినవారికి నేను చెప్పింది ఇంతే. సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే భవిష్య నిధి సొమ్ము నామినీకి చేరుతుంది. ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను వస్తుంది. ఇరవై ఐదేళ్లలోపు పిల్లలు ఇద్దరికి కూడా కొంత వస్తుంది. ఇవి గాక బీమా ఉన్నది. దానికి కార్మికుడు ఒక్క పైసా కట్టడు, యజమానే కడతాడు. 2021 నుండి దాని గరిష్ఠ పరిమితి 7 లక్షల రూపాయలు. పేరు నమోదై లేకపోతే హక్కు పోతుందని కాదు. కాని ఆ హక్కును నిరూపించుకోవడానికి, దుఃఖంలో ఉన్న మనిషి కార్యాలయాల మెట్లు ఎక్కి దిగాలి.

ఆ ఆదివారం వచ్చినవారిలో ప్లాస్టిక్ సామాను తయారుచేసే కంపెనీలో పనిచేసే యువకుడు ఒకడున్నాడు. చిన్ననాటనే తల్లిదండ్రులు పోయారు. కూలికి పోయి అతణ్ణి పెంచింది అక్క. తన పెళ్లి మాట ఎత్తినవారిని, "తమ్ముడు అక్కరకు రానీ" అని తిప్పిపంపిన మనిషి. ఆమె పేరు రాయాలని అతడు వచ్చాడు. పుట తెరిచాను. పేర్లు అడగడానికి ముందే అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది: కుటుంబం ఉన్నదా? అవును, కాదు అన్న రెండు గళ్లలో ఒకటి నొక్కాలి.

నేను అతనికి నియమం చెప్పాను. ఈ పథకంలో కుటుంబం అంటే భార్య లేక భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు, మరణించిన కుమారుని భార్యాబిడ్డలు. మహిళా సభ్యురాలికైతే అత్తమామలు కూడా చేరుతారు. ఎవరికీ అక్క ఆ జాబితాలో లేదు. కుటుంబం ఉన్నదంటే అక్క పేరు రాయడానికి వీలు లేదు. కుటుంబం లేదని నొక్కితేనే ఇష్టమైన వారి పేరు రాసుకొనే స్వేచ్ఛ వస్తుంది.

"అక్క ఉండంగ కుటుంబం లేదని ఎట్ల నొక్కాలె సారూ?" అన్నాడు. ఫోను తీసుకొని లేచి వెళ్లిపోయాడు.

చట్టాన్ని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. భార్యాబిడ్డలకు అన్నం దొరకాలన్న జాగ్రత్తతోనే ఆ జాబితా రాశారు. పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లయ్యాక చెల్లదనడం కూడా అందుకే. సింగపూరులో 1955 నుండి ఇటువంటి నిధి ఒకటి నడుస్తున్నది. అక్కడా పెళ్లితో పాత నామినేషన్ రద్దవుతుంది. అయినా ఆ రెండు గళ్ల ఎదుట ఆగిపోయిన ఆ పిల్లవాని వేలు వారమంతా నా కళ్లలో మెదిలింది.

మరుసటి ఆదివారం అక్కే అతణ్ణి తోలుకొని వచ్చింది. సంగతంతా విని, "నొక్కురా. పెట్టెకేం ఎరుక మనం ఎవరమో" అని తానే ఆ గడిని నొక్కింది. పెళ్లి చేసుకొన్ననాడు ఈ పేరు చెల్లదనీ, మళ్లీ కొత్తగా రాయాలనీ చెప్పాను. "గప్పుడు పెండ్లాం పేరే రాస్తడు. గదే గద నాకు గావల్సింది" అన్నది. ఆధార్ సంఖ్య వేశాము. ఫొటో కావాలన్నాను. కొంగు సర్దుకొని మా సున్నపు గోడకు ఆనుకొని నిలబడింది. మొదటి ఫొటోలో కళ్లు మూసుకున్నది, రెండవది సరిపోయింది. వాటా అన్న గడిలో నూరు అని నింపాను. ఓ.టి.పి. వచ్చింది. అతడు ఒక్కొక్క అంకె చదువుతుంటే నేను నొక్కాను.

ఆమె తెర మీదికి వంగి చూసి, "నూరు అంటే అంతనా?" అని అడిగింది.

"అంత నీదే అక్కా" అన్నాడు తమ్ముడు.