పావు తులం జాలి

సంస్కృతంలో 'మృగ' ధాతువుకు వెదకుట అని అర్థం. ఆ వెదకటమే మృగయ, అంటే వేట. మొదట ఏ జంతువుకైనా చెల్లిన మృగశబ్దం క్రమంగా జింకకు ప్రత్యేకమైంది. వేట అనగానే మన కళ్ళముందు విల్లో తుపాకో మెదులుతుంది గాని, పదం మాత్రం చంపటాన్ని గురించి కాక వెదకటాన్ని గురించి చెబుతున్నది. ముప్పై యేళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఈ వ్యుత్పత్తి తెలియనిది కాదు. దాని బరువు తెలిసింది మాత్రం నిరుడు మా మేనల్లుడు వేసిన ఒక ప్రశ్న వల్ల.

అతడు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగి. అక్కడ ఏటా నవంబరు 15న తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. లైసెన్సు పుచ్చుకుని, నియమాలకు లోబడి వేటాడటం అక్కడ తప్పు కాదు. తోటి ఉద్యోగులు వీణ్ణి కూడా రమ్మన్నారట. చిన్నతనంలో మా ఇంట పెరిగినవాడు కనుక, ఏ సందేహం వచ్చినా నాకు ఫోను చేయటం అలవాటు.

"మామయ్యా, నా దగ్గర .22 రైఫిలు ఉంది. వెనక్కి తన్నదు, చప్పుడు తక్కువ, తూటాలు చవక. చిన్న తూటా అయితే జింకకు కూడా బాధ తక్కువే కదా! మీరేమంటారు?"

మాంసం ముట్టని నన్ను అడగవలసిన ప్రశ్న కాదిది. కాని 'బాధ తక్కువే కదా' అన్న మాట నన్ను వదలలేదు.

బేగంబజారులో ఏళ్ళ తరబడి కాపురమున్నవాడికి దేనినైనా తూకంలో పెట్టి చూడటం అలవాటవుతుంది. జీడిపప్పు మొదలు ఇత్తడి బిందె దాకా అక్కడ అన్నీ తూకానికే. తుపాకి గుండ్లను తూచే కొలత గ్రెయిను. 1833లో బ్రిటిష్ వారు స్థిరపరచిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. అమెరికాలో జింకల వేటకు పేరుపడ్డ .30-06 రైఫిలుకు దొరికే గుండ్లలో 180 గ్రెయిన్లది ఒకటి. అది నికరంగా ఒక తులం. .22 గుండు సాధారణంగా 40 గ్రెయిన్లు. పావు తులానికి ఇంకా కాస్త తక్కువ.

బరువుతో పాటు వేగమూ చూడాలి. .22 గుండు గొట్టం విడిచేటప్పుడు సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో పోతుంది. దాని శక్తి 130 అడుగు-పౌండ్లకు అటూఇటూ. తులం గుండు వేగం సుమారు 2,700 అడుగులు, శక్తి 2,900 అడుగు-పౌండ్లు. ఇరవై రెట్లకు పైమాటే. మన ఎన్.సి.సి. పిల్లలు గురి నేర్చుకునేది .22 తోనే. కాగితం మీది వలయాలకు అది చాలు. కాగితానికి నొప్పి లేదు.

జింక త్వరగా ప్రాణం విడవాలంటే గుండు పక్కటెముకలను దాటి ఊపిరితిత్తులనో హృదయాన్నో ఛేదించాలి. అప్పుడు నెత్తురు వేగంగా పోయి కొద్ది క్షణాలలో స్పృహ తప్పుతుంది. వేటకని చేసిన గుండు లోపల పుట్టగొడుగులా విచ్చుకుని గాయాన్ని వెడల్పు చేసేది అందుకే. పావు తులం గుండు భుజపుటెముక దగ్గరే ఆగిపోవచ్చు. ఆగకపోయినా సన్నని రంధ్రం చేసి ఊరుకోవచ్చు. జింక పరుగు తీస్తుంది. నేల మీద చుక్క నెత్తురు పడకపోతే వెదకటానికి జాడ ఏదీ? అది ఏ పొదలోనో గంటలో రోజులో పడి ఉంటుంది. రామాయణంలో దశరథుని బాణం తగిలిన మునికుమారుడు కోరింది ఆ శల్యాన్ని పెరికివేయమని. పెరికితే ప్రాణం పోతుందని తెలిసీ కోరాడు. లోపల నిలిచిపోయిన ములికి చేసే బాధ అటువంటిది.

మా వీధి చివర పాత్రల దుకాణం అరుగు మీద ఒక వృద్ధుడు కూర్చునేవాడు. పడుచుతనంలో ఆదిలాబాదు అడవులలో వేటగాళ్ళ వెంట నడిచినవాడు. ఒక అతిథి చిన్న తుపాకితో దుప్పిని కొట్టాడట. అది మోకాళ్ళ మీదికి వాలి, లేచి, మాయమైంది. చీకటి పడిందని అందరూ డేరాలకు మళ్ళారు. మూడోనాడు రాబందులు చోటు చూపించాయి. ఇది చెప్పి, "మాస్టర్ సాబ్, గోలీ ఛోటీ హుయీ తో గునా ఛోటా నై హోతా" అన్నాడు. తూటా చిన్నదైనంత మాత్రాన పాపం చిన్నది కాదని.

గాయపడిన పులిని విడిచి రాకూడదని పాతకాలపు వేటగాళ్ళకు గట్టి నియమం ఉండేది. అందులో భయం కూడా ఉంది. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి కోరలు పాత తుపాకి దెబ్బకు విరిగిపోయి ఉన్నాయి. అది మనుషులను తినటానికి అదే కారణమని ఆయన భావించాడు. గాయపడిన జింక ఎవరి మీదికీ రాదు. ఎవరికీ కీడు చేయకుండా చస్తుంది. కనుక దానిని వెదకమని చెప్పగలిగేది వేటగాడి మనస్సాక్షి ఒక్కటే.

మనస్సాక్షి చాలదనుకున్న చోట చట్టాలు వచ్చాయి. మిషిగన్‌లో .22 రిమ్‌ఫైర్ తూటాతో జింకను కొట్టరాదు. ఇంగ్లండు, వేల్సులలో 1991 నాటి చట్టం ప్రకారం, మంట్‌జాక్ వంటి చిన్న జాతులకు తప్ప, జింకను కొట్టే రైఫిలుకు కనీసం .240 అంగుళాల వ్యాసం, 1,700 అడుగు-పౌండ్ల శక్తి ఉండాలి.

అలాగని పెద్ద తూటాయే ధర్మమని కూడా అనలేము. వెనక్కి గట్టిగా తన్నే తుపాకికి జడిసి కళ్ళు మూసుకునేవాడి గురి చెదురుతుంది. చెదిరిన పెద్ద గుండు కూడా కడుపునో కాలినో చీల్చి వదిలేస్తుంది. 1895 నుంచి ఉన్న .30-30 మధ్యరకం శక్తి గలదే. అయినా అమెరికా అడవులలో దగ్గరి దూరాలకు తరతరాలుగా పనికివచ్చింది. 1955లో వచ్చిన .243 తన్ను తక్కువ, శక్తి చాలినంత. తక్కువ శక్తి అన్న మాటలో ఇన్ని మెట్లున్నాయి. తూటాను ఎంచవలసింది మన భుజానికి ఎంత సుఖమని మాత్రమే కాదు, ఆ జంతువు ఎంత త్వరగా స్పృహ కోల్పోతుందని.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. స్నేహితుని .243 అరువు తెచ్చుకుని నెల రోజులు కాగితం మీద సాధన చేశాడట. నవంబరులో ఫోను చేసి, "ముప్పై అడుగుల లోపే పడిపోయింది మామయ్యా" అన్నాడు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. నేను అభినందించలేదు, మందలించనూ లేదు.

మన నేల మీద ఈ లెక్కలతో పని లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ సరదా వేటను ముగించాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల జింక తెలంగాణకు రాష్ట్ర జంతువులు. అయినా దొంగవేట ఆగలేదు. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ అన్నవి దొంగకు అక్కరకు వచ్చే గుణాలే గాని, జింకకు కాదు.

ఒకప్పుడు నిజాముల వేటభూమి అయిన వనస్థలిపురంలో, మహావీరుని 2,500వ నిర్వాణోత్సవాల సందర్భంగా 1975లో ఆయన పేరిట హరిణ వనస్థలి వెలసింది. వీలున్న మిత్రులు ఒక ఉదయం వెళ్ళి చూడండి. కృష్ణజింక అడిగిన వెంటనే కనబడదు. గడ్డిలో ఓపికగా వెదకాలి.